ఢిల్లీలో ఆవిడ, మా ఇంట్లో ఈవిడ

ప్రధానమంత్రి పదవికి పోటీపడి ఓడిపోయిన ఒక పెద్దాయన కోసం, జగ్గయ్యపేటలో మా వంటింట్లో కూర్చుని నేను ఏడ్చాను. ఆయన్ని నేనెప్పుడూ చూసింది లేదు. ఆయన భాష నాకు రాదు. కృష్ణా జిల్లా మెట్టలో నాలాంటిదొకతె ఉందని ఆయనకి తెలిసే దారీ లేదు. అయినా చింతపండు పిసుకుతూ, చేత్తో తుడుచుకోవడానికి కూడా లేక, భుజానికి కళ్ళొత్తుకుంటూ ఏడ్చాను. మా ఆయన గుమ్మంలోకొచ్చి చూసి, "ఏంటే, మీ పుట్టింటి వైపు చుట్టమా ఆయన?" అన్నాడు. ఆ పూట ఆయనకి పెరుగు గిన్నె నేల మీద పెట్టి జరిపాను, చేతికివ్వలేదు.

అది అరవై ఆరు జనవరి. అంతకు ముందున్న ప్రధాని పరాయి దేశంలో ఉండగా హఠాత్తుగా పోయారు. మా వీధి వీధంతా సొంత మనిషి పోయినట్టు దిగులుపడింది. ఆ దిగులు తీరకుండానే ఇక ఎవరు, ఎవరు అని మొదలైంది. మా మావగారు రేడియో తెచ్చి అరుగు మీద పెట్టించారు. సాయంత్రమయ్యేసరికి వీధిలో పెద్దలంతా అక్కడే. వాళ్ళల్లో ఒక రిటైరైన పంతులుగారు ఉండేవారు. బెజవాడ బస్సులో వచ్చిన పేపరు ముందు ఆయన చదివాక గాని ఎవరూ నోరు విప్పేవారు కాదు. కోడళ్ళం అరుగు మీదికి వెళ్ళే అలవాటు లేదు. తలుపు వెనక నిలబడి వినడమే. వినడం వాళ్ళ రూలు, మాట్లాడడం నా బుద్ధి.

ఢిల్లీలో ఆవిడ, మొదటి ప్రధాని కూతురు, గెలిచిందని తెలిసిన రోజు మావగారు, "ఆడమనిషి, ఏం ఏలుద్ది?" అన్నారు. ఆ మాట నేననలేదు, అనను కూడా. నా గొడవ వేరు. తలుపు సందులోంచే అన్నాను.

"ఆడా మగా కాదండీ. అనుభవం ఏముందని? తండ్రి ఇంటికి వచ్చిపోయే పెద్దోళ్ళని చూసుకుంది. రేడియో శాఖ మంత్రిగా నిన్న గాక మొన్న కూర్చుంది. అంతేగా!"

"పార్టీకి అధ్యక్షురాలిగా చేసిందమ్మా," అన్నారు పంతులుగారు.

"ఎంతకాలం? ఏడాది కూడా నిండలేదని మీరేగా మొన్న చదివారు! మరి ఆ పెద్దాయన? ముఖ్యమంత్రిగా చేశాడు, ఆర్థిక మంత్రిగా చేశాడు, జుట్టు నెరిసిపోయింది చేసి చేసీ. పోయినసారీ ఆయన్నే పక్కనపెట్టారు, ఈసారీ ఆయన్నే. ఎన్నిసార్లండీ ఒక మనిషిని అట్టా కూర్చోబెట్టడం? చేసినవాళ్ళకి విలువ లేదా?"

లోపల మంచం మీద కూర్చున్న మా అత్తగారు మోకాలికి ఆముదం రాసుకోవడం ఆపి నా వైపు చూసింది. ఆవిడ పక్కనే నిలబడి ఉన్న నా తోడికోడలు తలదించుకుంది. నేను ఢిల్లీ గురించి మాట్లాడానని ఆ ఇంట్లో ఒక్కరు కూడా అనుకోలేదు.

అసలు సంగతి చెబుతాను. మాఘ పౌర్ణమికి పెనుగంచిప్రోలు తిరునాళ్ళు. మా వాళ్ళ ఇళ్ళు ఆ వీధిలో ఓ పదిదాకా ఉండేవి. అందరం బళ్ళు కట్టుకుని వెళ్ళి, మున్నేటి ఇసుకలో పాలు పొంగించి, అమ్మవారికి పెట్టుకుని వచ్చేవాళ్ళం. మా ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. అందరికంటే ముందు ఒక ఆడమనిషి పాల కుండ ఎత్తుకుని నడుస్తుంది. మిగతావాళ్ళు ఆమె వెనక. ఆమె ఎక్కడ ఆగితే అక్కడే దిగాలి. ఆమె పొయ్యి ముందు వెలగాలి. ఆ పొయ్యిలోంచి కట్టెపుల్ల తీసుకుని మిగతా పొయ్యిలన్నీ వెలిగించుకోవాలి. కుండ నెత్తికెత్తుకున్న దగ్గర్నుంచి పాలు పొంగేదాకా ఆమె నోరు మెదపకూడదు. కాని ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆమెదే మాట. ఎవరింట్లో పెళ్ళిచూపులైనా, ఊరగాయలకి ఎన్ని కాయలైనా, గొడవపడ్డ కోడళ్ళని కలపడమైనా ఆమెనే అడగాలి. మొదటి కుండ ఎవరిదో పెత్తనం వాళ్ళది. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆ కుండ మా అత్తగారిదే.

ఆ ఏడు ఆవిడ మోకాలు వాచింది. బండెక్కడానికే ఇద్దరు పట్టుకోవాలి. కుండెత్తుకుని ఇసుకలో నడవడం వల్ల కాదు. ఇక నాదే అనుకున్నాను. అనుకోవడం కాదు, కొత్త కుండకి పసుపు కూడా ముందే నానబెట్టుకున్నాను. పెద్దకోడల్ని. యాభైల మొదట్లో వచ్చినదాన్ని. ఆవిడ వెనక రెండో కుండ ఎత్తుకుని నడిచీ నడిచీ ఆ ఇసుక నా కాళ్ళకి కంఠతా వచ్చేసింది.

రేడియోలో ఆ వార్త రావడానికి ముందు రోజే అత్తగారు చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళందరినీ పిలిచి చెప్పింది. "ఈ ఏడు మొదటి కుండ మా నందిగామ అమ్మాయి ఎత్తుకుంటది."

నందిగామ అమ్మాయంటే నా తోడికోడలు. ప్లీడరుగారి కూతురు. హైస్కూలు పాసైంది. కాపురానికొచ్చి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. ఆ పిల్లని చూస్తే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంటే, దాచుకునేదేముంది. పొద్దున్నే గ్లాసులో కాఫీ తాగేది. అత్తగారికి పేపరు చదివి వినిపించేది. అమ్మ మీద బెంగ పుడితే బస్సెక్కి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేది. నాకు జి.కొండూరు దాటి మా పల్లె చేరాలంటే రెండు బస్సులు, ఒక బండి, ఆ పైన మావగారి అనుమతి. అన్నిటికంటే మండే సంగతి ఇంకోటి ఉంది. అత్తగారు దాన్ని "అమ్మాయ్" అని పిలిచేది. నన్ను "ఒసేయ్" అనేది. పధ్నాలుగేళ్ళుగా నేను "ఒసేయ్"నే.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, మొదటి తిరునాళ్ళకే మా అత్తగారు నా చేత ఒక కుండ పెట్టించింది. పాలు తూర్పుకి పొంగాలి. మా పల్లెలో నల్లరేగడి నేల, ఇటుకలు ఎట్లా పెడితే అట్లాగే ఉంటాయి. తూర్పుకి వెంట్రుకవాసి వాల్చి పెడితే చాలు. మున్నేటి ఇసుక అట్లా కాదు. పైన పొడిగా ఉంటుంది, లోపల తడి. నిండు కుండ బరువు పడగానే నీటి పాయ ఉన్న వైపుకి మెల్లగా కుంగుతుంది. ఆ ఏడు మేం దిగిన చోట పాయ పడమట ఉంది. నాకేం తెలుసు? నేను మా ఊళ్ళో పెట్టినట్టే పెట్టాను. కుండ కుంగింది, పాలు పడమటికి పొంగాయి.

"మీ ఊళ్ళో సూర్యుడు పడమట పొడుస్తాడటే!" అంది అత్తగారు, అందరూ వినేట్టు. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఆ రోజుతో పోలేదు. పప్పు మాడినా, పిల్లాడు ఏడ్చినా, గేదె తన్నినా "పడమటి పొంగుది వచ్చిందిగా" అనేవాళ్ళు. ఆ మాట పడలేకే నేను అన్నీ నేర్చుకున్నాను. ఇసుకని మడమతో తొక్కి తడి ఎంతుందో చెప్పగలను. ఏ వైపు ఎంత కుంగుతుందో చూసి ఆ వైపు ఇటుక అంత ఎత్తు పెట్టగలను. ఆ తర్వాత నా పాలు ఒక్కసారి కూడా తూర్పు తప్పలేదు. బాగా చేశావని ఒక్కరూ అనలేదు గాని, తప్పలేదు.

అట్లాంటి నన్ను వదిలేసి దానికిచ్చింది. నేను వెళ్ళి నానబెట్టిన పసుపు పెరట్లో పారబోశాను. ఆ రాత్రి మా ఆయనతో, "మీ అమ్మ నన్ను మనిషిగా చూడలా," అన్నాను. "ఊరుకోవే, కుండేగా, మోత తప్పింది నీకు," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మగవాళ్ళకి కుండంటే మట్టిది.

ఇంకో ఘోరం ఏమిటంటే, ఆ పిల్ల మర్నాడు నా దగ్గరికే వచ్చింది. "అక్కయ్యా, నాకేం తెలుసని అత్తయ్య నాకిచ్చారో తెలీట్లేదు. మీరే ఎత్తుకోండి, నేను చెప్పి చూస్తా," అంది. కళ్ళు కూడా చెమ్మగిల్లినట్టున్నాయి. దెబ్బలాటకి వస్తే బాగుండేది. మంచితనం చూపిస్తే ఇంకేం చెయ్యను? "ఇచ్చినావిడని అడుగు, నన్నెందుకు," అని చాట ఝాడించాను.

అరుగు మీద వాదాలు ఆ వారమంతా సాగాయి. ఒక సాయంత్రం పంతులుగారన్న మాట నాకు గుర్తుండిపోయింది. "మీరంతా ఆవిడకి అనుభవం లేదంటారే గాని, లేకపోబట్టే ఎంచుకున్నారయ్యా ఆ పెద్దలు. అన్నీ వచ్చినవాడైతే కుర్చీ ఎక్కాక వీళ్ళని పలకరిస్తాడా? కొత్త మనిషైతే ప్రతిదానికీ వీళ్ళ దగ్గరికి రావాలి. అదీ సంగతి." అరుగు మీద అందరూ తలలూపారు. మా మావగారు, "కొత్త కదా, నేర్చుకుంటుంది లెండి," అని రేడియో కట్టేశారు. నేను తలుపు వెనక నుంచి, "దేశమేమన్నా బడా, వచ్చి నేర్చుకోవడానికి!" అన్నాను. పంతులుగారి మాటలో నా సంగతి కూడా ఉందని అప్పుడు నాకు తట్టనే లేదు. కుళ్ళుతో చెవులు మూసుకుపోయి ఉన్నాయి.

పౌర్ణమి రోజు తెల్లవారుతుండగా బళ్ళు కట్టారు. అత్తగారు ముందు బండిలో పరుపు మీద కాలు చాపుకుని కూర్చుంది. పెనుగంచిప్రోలు ఊరి బయట బళ్ళు దిగాం. జనం, డప్పులు, వేపాకు వాసన. ఆ పిల్ల కుండెత్తుకుంది. మొదటి అడుగు తడబడితే బాగుండునని చూశాను. తడబడలేదు. నందిగామ రోడ్ల మీద పుస్తకాలు పట్టుకుని నడిచిన పిల్ల, ఇసుకలో పుట్టినట్టు నడిచింది. మెడ కూడా అందంగా ఉంటుంది దానిది. వెనక రెండో కుండతో నేను. జనం పక్కకి తప్పుకుంటూ దాని వైపు చూసి దండం పెడుతుంటే, ఆ దండాలన్నీ నా పక్కనుంచి జారిపోతున్నట్టు అనిపించింది.

పొయ్యి పెట్టే చోట అత్తగారిని చాప మీద కూర్చోబెట్టారు. ఆ పిల్ల మాట్లాడకూడదు, అందుకని అడుగడుక్కీ ఆవిడ వంక చూడ్డం, ఆవిడ చేత్తో సైగ చెయ్యడం. ఇటుకలు పెట్టింది. నేను మడమతో తొక్కి చూశాను. తడి. ఆ ఏడూ పాయ పడమటే ఉంది.

నేను నోరు మూసుకుని ఊరుకోలేదు. కుళ్ళు వేరు, అమ్మవారి పాలు వేరు. నాది రెండో కుండ, మాట్లాడకూడదన్న రూలు నాకు లేదు. "అమ్మాయ్, నీళ్ళ వైపు ఇటుక ఇంకాస్త ఎత్తు. కుంగుద్ది," అన్నాను.

ఆ పిల్ల చెయ్యి ఆగింది. నా వైపు చూసింది, మళ్ళీ అత్తగారి వైపు చూసింది.

"నువ్వూరుకోవే. ప్రతిదాంట్లో వేలు పెడతావ్," అంది అత్తగారు నాతో. "నువ్వు కానియ్యి అమ్మాయ్. బాగానే ఉంది."

బాగానే ఉందట! చాప మీద కూర్చున్న మనిషికి ఇసుకలో తడి ఏం తెలుస్తుంది?

ఆ పిల్ల మంట పెట్టింది. ఆనవాయితీ ప్రకారం ముందు నేనే వంగి దాని పొయ్యిలోంచి కట్టెపుల్ల తీసుకోవాలి. తీసుకున్నాను. జీవితంలో చాలా చోట్ల వంగాను గాని, ఆ రోజు నడుము వంగిన తీరు నాకిప్పటికీ నడుములోనే ఉంది. కాసేపటికి దాని కుండ కొంచెం ఒరిగింది. పాలు నురగ కట్టి, పైకొచ్చి, పడమటి వైపు నుంచి ఇసుకలోకి కారాయి.

నేను అత్తగారి నోటి వంకే చూస్తున్నాను. వస్తుంది, ఇప్పుడు వస్తుంది, సూర్యుడి మాట. నా వయసులో సగం కాలం మోసిన మాట, ఇంకొకరి నెత్తిన పడబోతోంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా మనసు హాయిగా ఉంది.

అత్తగారు చేతులు జోడించింది. "పొంగాయి తల్లీ, అదే పదివేలు," అంది. తర్వాత అందరి వైపూ తిరిగి, "కొత్త కదా, నేర్చుకుంటుంది," అంది.

ఆడవాళ్ళంతా "అవునవును, కొత్త కదా" అన్నారు. నవ్వినవాళ్ళు, నన్ను పడమటి పొంగుదన్నవాళ్ళు, వాళ్ళే. నా కుండలో పాలు తూర్పుకి, గీత గీసినట్టు పొంగాయి. ఎవరూ చూడలేదు. నేను ఇసుకలో కూలబడిపోయాను. నాకు మొదటి కుండ దక్కలేదన్న బాధ ఆ పూట చిన్నదైపోయింది. ఆ ఒక్క మాట, "కొత్త కదా" అన్న మాట, నాకెవరూ ఎందుకనలేదు? నేనూ ఒకప్పుడు కొత్తదాన్నేగా! పెద్ద కుర్చీ ఎక్కిన వాళ్ళని చూసి కుళ్ళుకుంటారని లోకం అనుకుంటుంది. నేను కుళ్ళుకున్నది తప్పు చేసినా తిట్టు తినకుండా బయటపడ్డ దాని అదృష్టం చూసి.

తిరుగు ప్రయాణంలో అత్తగారి బండే ఎక్కాను. చిల్లకల్లు దాకా ఓర్చుకుని, ఇక పట్టలేక అడిగేశాను.

"నాకెందుకివ్వలా అత్తయ్యా?"

"నీకన్నీ వచ్చుగా, ఇంకేం కావాలే?" అని మోకాలు పట్టుకుని మూలిగింది. అది జవాబో, కాలి నొప్పో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు మా ఇల్లు నందిగామ అమ్మాయి పేరు మీద, అత్తగారి నోటి మీద నడిచింది. ఆ పిల్ల ప్రతిదానికీ ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి అడిగేది. ఉప్పెంత, కారమెంత, ఎవరికి ఏం పెట్టాలి, ఎవర్ని పిలవాలి. అత్తగారు దిండుకానుకుని చెబుతుంటే ముఖం వెలిగిపోయేది. మోకాలు వాచినా మనిషి పడుచుదైపోయింది. నేను వంటింట్లోంచి వింటూ కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

కాని అడిగే మనిషి ఎల్లకాలం అడగదు. ఆ పిల్ల తెలివైంది, ఆ మాట కాదని నేనెట్లా అంటాను? మూడో ఏడు అడగడం తగ్గించింది. నాలుగో ఏడు చేసి చెప్పడం మొదలుపెట్టింది. ఢిల్లీలో కూడా సరిగ్గా అదే కాలంలో ఆవిడకీ, ఆవిణ్ణి కూర్చోబెట్టిన పెద్దలకీ చెడింది. నా పెద్దాయన చేతిలో ఉన్న శాఖ కూడా లాగేసుకున్నారని పంతులుగారు చదివితే, నేను మళ్ళీ తలుపు వెనక ముక్కు చీదుకున్నాను. అరుగు మీద పాత మాటలన్నీ తిరగబడ్డాయి. అనుభవం లేదన్నవాళ్ళే, "అబ్బో, గట్టి మనిషి" అనడం మొదలుపెట్టారు.

అరవై తొమ్మిది చివర్లో ఒక మధ్యాహ్నం నేను పెరటి వసారాలో కూర్చుని, కారానికి ఎండు మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. అత్తగారు గోడ పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి నా ఎదురుగా చతికిలబడింది. ఆవిడ ఆ వసారాలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. అది నా మూల.

"విన్నావటే? తిరునాళ్ళకి బళ్ళు వద్దంట. లారీ మాట్లాడిందంట. నన్నొక్క మాట అడిగిందా?" అంది.

నేను తొడిమలు తీస్తూనే ఉన్నాను.

"దానికేం అనుభవం ఉందని? నిన్న గాక మొన్న వచ్చింది. పాలు పడమటికి పొంగించిన మనిషి!"

నాలుగేళ్ళుగా దాచుకున్న మాట నా నాలుక మీదే ఉంది. "కొత్త కదత్తయ్యా," అన్నాను. "నేర్చుకుంటుంది."

అత్తగారు నా మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"నీకు కుళ్ళే," అంది.

"అవును, కుళ్ళే."

"నాకూను," అంది మెల్లగా. "నీకిచ్చుంటే ఆ మర్నాడే ఇట్టా వచ్చి మూల కూర్చునేదాన్ని. నువ్వు నన్ను ఏం అడగాలి కనక? అన్నీ వచ్చు నీకు. ఆ తడి సంగతి ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. నాకూ తెలుసు."

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో నేను చేసిన పనికి దొరికిన మెప్పు అదొక్కటే. అది కూడా నాకు దక్కాల్సింది దక్కకుండా చేశాక. కొట్టాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు వీధి గదిలోంచి ఆ పిల్ల గొంతు వినపడింది, లారీ వాడికి ఎన్నింటికి రావాలో గట్టిగా చెబుతోంది. ఇద్దరం అటు చెవులు పెట్టి విన్నాం. బాగానే చెబుతోంది, అదే మా ఇద్దరి బాధ.

నేను చాటలోంచి ఒక దోసెడు కాయలు తీసి అత్తగారి ముందు పోశాను. ఆవిడ ఒక కాయ చేతిలోకి తీసుకుంది. నేను పుట్టకముందు నుంచి ఎన్ని పుట్ల కాయల తొడిమలు తీసి ఉంటుందో ఆవిడ. ఆ కాయని అటూ ఇటూ తిప్పి, తల వంచుకునే అడిగింది.

"ఎట్టా తియ్యమంటావ్, చెప్పమ్మాయ్."